ములాన్ పాట ఎవరి చేతికి పోయింది

అందరికీ నమస్కారం. గ్రంథాలయం మేడ మీద ఈ ఉక్కపోతలో ఇంతమంది వస్తారనుకోలేదు. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఇక్కడ చాప మీద చోటుంది.

నేను సినిమా మనిషిని కాదు. నా పనంతా జానపద పాటలతోనే. ఊళ్లు తిరిగి పాటలు రాసుకోవడం, వాటిని పిల్లలకు చెప్పడం. అందుకే ఈ నెల మాట్లాడమని అడిగినప్పుడు ఒక పాట గురించే మాట్లాడదామనుకున్నాను. కాకపోతే అది మన పాట కాదు, చైనా పాట. దాన్ని డిస్నీ అనే అమెరికా కంపెనీ ఒకసారి బొమ్మల సినిమాగా తీసింది. ఇరవై రెండేళ్ల తర్వాత అదే కథను మనుషులతో మళ్లీ తీసింది. ఆ రెండో సినిమాకు ఏం జరిగిందో వింటే పాటకు ఏం జరిగిందో తెలుస్తుంది.

ముందు పాట వినండి. చైనాలో ప్రతి పిల్లకీ బడి పుస్తకంలో ఉంటుంది, నోటికి వచ్చేస్తుంది. మగ్గం దగ్గర మొదలవుతుంది. ములాన్ గుమ్మం ఎదురుగా కూర్చుని నేస్తూ ఉంటుంది. కాసేపటికి మగ్గం చప్పుడు ఆగిపోతుంది, ఆడపిల్ల నిట్టూర్పు ఒక్కటే వినిపిస్తుంది. ఏం తల్లీ, ఎవరిని తలుచుకుంటున్నావని అడుగుతారు. ఎవరినీ కాదంటుంది. రాత్రి సైన్యంలో చేరమన్న తాఖీదులు చూశాను, పన్నెండు చుట్టలున్నాయి, ప్రతి చుట్టలోనూ మా నాన్న పేరుంది, నాన్నకు ఎదిగిన కొడుకు లేడు, నాకు అన్న లేడు అంటుంది. నాన్న బదులు మగవేషంలో తానే యుద్ధానికి పోవాలని బజారుకు వెళ్తుంది. తూర్పు అంగట్లో గుర్రం కొంటుంది, పడమటి అంగట్లో జీను, దక్షిణపు అంగట్లో కళ్లెం, ఉత్తరపు అంగట్లో కొరడా. ఇది చదివినప్పుడల్లా నాకు మన పాటలే గుర్తొస్తాయి. ఒక వస్తువు కోసం నాలుగు దిక్కులూ తిప్పడం పాడేవాళ్ల పద్ధతి. నాట్లు వేస్తూ పాడే ఆడవాళ్లు కూడా ఇలాగే తిప్పుతారు, పాట సాగాలి కదా, మడి పూర్తవ్వాలి కదా.

యుద్ధం ఎంతసేపో తెలుసా? ఆరే ఆరు పాదాలు. అంతే. చలికి ఇనుప కవచం మీద వెన్నెల పడిందంటుంది, పదేళ్లకు తిరిగొచ్చిందంటుంది. పాడినవాళ్లకు యుద్ధం మీద ధ్యాస లేదు, ఇంటి మీదే ఉంది. రాజు ఏం కావాలో కోరుకోమంటే, నీ కొలువు నాకొద్దు, ఊరికి చేరే జంతువొకటి ఇప్పించమంటుంది. ఇంటికి వచ్చి తూర్పు గది తలుపు తీస్తుంది, పడమటి గది మంచం మీద కూర్చుంటుంది, సైనికుడి అంగీ విప్పి పాత బట్టలు కట్టుకుంటుంది, కిటికీ దగ్గర జుట్టు సర్దుకుంటుంది, నుదుట పచ్చని బొట్టు దిద్దుకుంటుంది. బయట కూర్చున్న తోటి సైనికులు చూసి నోరు తెరుస్తారు. పన్నెండేళ్లు కలిసి తిరిగాం, ఆడపిల్ల అని తెలియలేదే అంటారు. రెండు కుందేళ్లు పక్కపక్కన పరుగెడుతుంటే ఏది మగదో ఏది ఆడదో ఎవరు చెప్పగలరన్న మాటతో పాట అయిపోతుంది.

ఓరుగల్లు మట్టి మీద కూర్చున్న మనకు ఈ కథ కొత్తేం కాదు. రుద్రమదేవిని రుద్రదేవ మహారాజు అని శాసనాల్లో చెక్కిన నేల ఇది. అందుకే ఈ పాట మొదటిసారి చదివినప్పుడు ఇంటి పిల్ల కథలాగే అనిపించింది.

ఇక్కడొక చిన్న మాట గమనించండి, తర్వాత పని పడుతుంది. పాటలో ములాన్ కొలిచే రాజును రెండు పేర్లతో పిలుస్తారు. ఒకటి చైనా చక్రవర్తులను పిలిచే మాట, స్వర్గపుత్రుడని. రెండోది ఖాన్. మీరు సరిగ్గానే విన్నారు. గుర్రాల మీద తిరిగే ఉత్తరాది జాతులు తమ దొరను పిలిచే మాట అది. ఈ పాట ఉత్తర వెయ్ రాజుల కాలం నాటిదని, అంటే 386 నుంచి 534 మధ్యదని పండితులంటారు. ఆ రాజులు తోబా వంశం వాళ్లు, షియన్‌బెయ్ జాతి, గడ్డి మైదానాల నుంచి దిగి వచ్చినవాళ్లు. కాబట్టి ఈ పాట కలగలిసిన జనం పాడుకున్నది. మగ్గమూ ఉంది, గుర్రమూ ఉంది. ములాన్ ఏ జాతి పిల్ల అన్న ప్రశ్నకు పాటలో జవాబు లేదు, పాడినవాళ్లకు అది అడగాలనే తట్టలేదు.

ఇక సినిమాకు వద్దాం.

బొమ్మల సినిమా 1998లో వచ్చింది. అప్పుడు చైనాలో దాన్ని విడుదల చేయడానికి డిస్నీ నానా తంటాలు పడింది. కారణం ములాన్ కాదు. ముందు ఏడాది, 1997లో, దలైలామా బాల్యం మీద మార్టిన్ స్కోర్సేసీ తీసిన కుందున్ అనే సినిమాను డిస్నీయే పంపిణీ చేసింది. బీజింగ్‌కు కోపం వచ్చి కంపెనీ సినిమాలను ఆపేసింది. 1998 అక్టోబర్‌లో డిస్నీ అధిపతి మైకేల్ ఐస్నర్ బీజింగ్ వెళ్లి ప్రధాని ఝు రోంగ్జీని కలిశాడు. ఆ సినిమా తీయడం తెలివితక్కువ పని అయిందని ఒప్పుకుని క్షమాపణ చెప్పాడు, ఇకముందు అలా జరగదన్నాడు. అదే సమావేశంలో చైనాలో డిస్నీల్యాండ్ కట్టే మాట కూడా నడిచింది. ములాన్ బొమ్మల సినిమాకు 1999 మొదట్లో అనుమతి వచ్చింది, అదీ కొత్త సంవత్సరం సెలవులు అయిపోయాక. అప్పటికే దొంగ కాపీలు ఇళ్లకు చేరిపోయాయి, థియేటర్లో పెద్దగా ఆడలేదు.

షాంఘై డిస్నీల్యాండ్ 2016 జూన్‌లో తెరుచుకుంది. దాని ఖర్చు సుమారు 550 కోట్ల డాలర్లు. అందులో 57 శాతం వాటా షాంఘై ప్రభుత్వ సంస్థలది. 1998లో అడిగిన క్షమాపణకూ 2020లో తీసిన సినిమాకూ మధ్య ఈ పార్కు నిలబడి ఉంది. నా దృష్టిలో మొత్తం కథకు కీలు ఇదే. సినిమా ఆడకపోతే నష్టం ఒక్క ఏడాదిదే. పార్కు అయితే నేలలో పాతుకున్న డబ్బు, దాన్ని పీకి ఇంటికి తెచ్చుకోలేరు.

చైనాలో బయటి సినిమా విడుదల ఎలా జరుగుతుందో కూడా తెలియాలి. 2012 ఒప్పందం ప్రకారం వసూళ్లలో వాటా పంచుకునే పద్ధతిలో ఏడాదికి 34 బయటి సినిమాలకు చోటు. టికెట్ డబ్బులో బయటి స్టూడియోకు దక్కేది 25 శాతం. ఏ సినిమా లోపలికి రావాలో, ఏ తేదీకి రావాలో అక్కడి అధికారులే చెబుతారు. 2018 నుంచి సినిమాల వ్యవహారం నేరుగా కమ్యూనిస్టు పార్టీ ప్రచార విభాగం చేతికి వెళ్లింది. మన దగ్గరలా సెన్సార్ కాదంటే కోర్టుకు పోయే దారి అక్కడ ఆశించలేం. అందువల్ల కత్తెర అక్కడ పడకముందే కథ రాసే గదిలోనే పడుతుంది. ఉదాహరణకు, డాక్టర్ స్ట్రేంజ్ అనే మాంత్రికుడి అమెరికా కామిక్స్‌లో అతని గురువు టిబెట్ వాడు. 2016 సినిమాలో ఆ పాత్రను కెల్టిక్ జాతి స్త్రీగా మార్చారు. టిబెట్ మాట ఎత్తితే చైనా ప్రేక్షకులు దూరమవుతారన్న భయం సంగతి కథ రాసినవాళ్లలో ఒకరు బయటికే చెప్పారు.

పాత బొమ్మల సినిమాలను మనుషులతో మళ్లీ తీయడంలో డిస్నీకి కాసుల వర్షం కురిసింది. 2016లో వచ్చిన జంగిల్ బుక్‌కు ఒక్క చైనాలోనే దాదాపు 15 కోట్ల డాలర్లు వచ్చాయి. కాబట్టి చైనా కథనే తీస్తే ఇంకెంత వస్తుందో అన్న లెక్క ఎవరికైనా తడుతుంది. ములాన్‌కు సుమారు 20 కోట్ల డాలర్లు పెట్టారు. న్యూజిలాండ్ దర్శకురాలు నికీ కారో, కథానాయిక లియు యీఫే, ఇంకా గాంగ్ లీ, జెట్ లీ, డానీ యెన్. సినిమా చైనాలో నడవకపోతే ఇబ్బందేనని స్టూడియో పెద్దలే పత్రికలతో అన్నారు. స్క్రిప్టును చైనా అధికారులకు చూపించారని వార్తలొచ్చాయి. బొమ్మల సినిమాలో పిల్లలు పడి నవ్విన ముషు అనే చిన్న డ్రాగన్‌ను తీసేశారు. పాటలు తీసేశారు. వంతెన మీద ముద్దు సన్నివేశం తీస్తే, చైనా కార్యాలయం వాళ్లు ఇది మా జనానికి నప్పదంటే తొలగించామని దర్శకురాలే చెప్పింది.

ముద్దు పోయిందని నాకు బాధ లేదు. మన సినిమాల్లోనూ ఎన్నో పోతాయి. పాత్రలు మారడం కూడా తప్పు కాదు, పాట అన్నాక ఊరు మారితే మాట మారుతుంది. నాకు గుచ్చుకున్నది వేరే.

ఇందాక ఖాన్ అనే మాట గుర్తుపెట్టుకోమన్నాను. 2020 సినిమాలో ఖాన్ ఎవరు? శత్రువు. బోరి ఖాన్ అని, రౌరాన్ జాతి నాయకుడు, నల్లబట్టలు, ముఖాన గాట్లు, సరిహద్దు బజార్ల మీద పడే గుర్రపు దళం. పాటలో ములాన్ ఎవరి కోసం కత్తి పట్టిందో ఆ పేరే సినిమాలో ఎవరి మీద కత్తి పట్టాలో వాడి పేరైంది. ఇది బీజింగ్ చెప్పి రాయించిందని నేను అనను, దానికి ఆధారం లేదు. 1998 సినిమాలో కూడా శత్రువులు హూణులే. రౌరాన్లతో ఉత్తర వెయ్ రాజులు నిజంగానే పోరాడారు కూడా. కానీ కలగలిసిన జనం పాటలోంచి ఆ కలగలుపు అంతా తీసేసి, లోపల ఒక చక్కని రాజ్యం, బయట ఎడారిలో దోపిడీ మూక అని గీత గీస్తే, ఆ గీత ఈ రోజు ఎవరికి పనికొస్తుందో ఆలోచించాలి.

ముగింపు కూడా చూడండి. బొమ్మల సినిమాలో ములాన్ ఇంటికి వచ్చి చక్రవర్తి ఇచ్చిన కత్తి, పతకం తండ్రి చేతిలో పెడుతుంది. ఆ తండ్రి వాటిని కింద పడేసి కూతురిని కౌగిలించుకుంటాడు. ఆ కత్తి నేల మీద పడే చప్పుడు మా ఇంట్లో మా తమ్ముడి కూతురు పదిసార్లు వెనక్కి తిప్పి చూసింది. కొత్త సినిమాలో ములాన్ ఇల్లు చేరాక కూడా రాజు మనుషులు ఊరికి వస్తారు. కొత్త కత్తి ఇచ్చి, రక్షక దళంలో చేరమని మళ్లీ పిలుస్తారు.  పాటలో రాజు రాజధానిలోనే ఉండిపోయాడు. ఇక్కడ వాకిట్లోకి వచ్చాడు.

సినిమా బయట కూడా గొడవ మొదలైంది. 2019 ఆగస్టులో హాంకాంగ్ వీధుల్లో జనం ప్రజాస్వామ్యం కావాలని నిలబడి ఉన్నప్పుడు, లియు యీఫే హాంకాంగ్ పోలీసులకు మద్దతు ఇస్తున్నానని చైనా వాళ్ల సోషల్ మీడియా వైబోలో పోస్టు పెట్టింది. ములాన్‌ను బహిష్కరించండన్న పిలుపు హాంకాంగ్ నుంచి తైవాన్‌కు, థాయిలాండ్‌కు పాకింది. 2020 మార్చిలో రావలసిన సినిమా కరోనా వల్ల వాయిదా పడి, సెప్టెంబర్ 4న డిస్నీ ప్లస్‌లో 30 డాలర్ల ధరకు వచ్చింది. మన దేశంలో మనకు ఆ ఏడాది చివర్లో ఓటీటీలో దొరికింది.

అసలు సంగతి సినిమా అయిపోయాక వచ్చే పేర్లలో బయటపడింది.

ఒక్క నిమిషం నా పని గురించి చెబుతాను. పాట రాసుకునేటప్పుడు మా నోటుబుక్కులో మొదటి వరుస ఎప్పుడూ ఒకటే. పాడినవారి పేరు, వయసు, ఊరు. మొదట్లో నాకు ఈ పట్టింపు అంతగా లేదు. ఒకసారి జనగామ దగ్గర ఒక ఊళ్లో ఒక అవ్వ ఉయ్యాల పాట పాడింది. టేప్ రికార్డర్ బ్యాటరీలు అయిపోతుంటే గబగబా పాట ముక్కలు రాసుకుని లేచాను. ఆవిడ చెయ్యి పట్టుకుంది. "నా పేరు రాసుకున్నవా బిడ్డా? ఊరి పేరు గూడ రాయి. ఎవలు పాడిన్రంటే ఏం చెప్తవ్?" అంది. ఆ రోజు నుంచి పేరు లేకుండా పాట రాయలేదు. అందుకే నాకు సినిమా చివరి పేర్లు చదవడం అలవాటు. కింద బుల్లి పెట్టె వచ్చి తర్వాతి సినిమా చూస్తారా అని అడుగుతుంది, దాన్ని ఆపి మరీ చదువుతాను.

ములాన్ చివర కృతజ్ఞతల జాబితాలో వాయవ్య చైనాలోని షిన్‌జియాంగ్ వీగర్ స్వయంప్రతిపత్తి ప్రాంతపు పార్టీ కమిటీ ప్రచార విభాగానికి, తుర్పాన్ నగర ప్రజా భద్రతా విభాగానికి ధన్యవాదాలున్నాయి. ప్రజా భద్రతా విభాగం అంటే పోలీసు శాఖ. సినిమాలో కొన్ని ఎడారి దృశ్యాలు అక్కడ తీశారు. విడుదలైన కొద్ది రోజుల్లోనే చూసినవాళ్లు ఆ వరుసలను ఫోటో తీసి లోకానికి చూపించారు.

తుర్పాన్ ఎక్కడో తెలియని పేరనుకోకండి. ఎడారి మధ్య ద్రాక్షతోటల ఊరు. మంచుకొండల నీళ్లను భూమి కింద సొరంగాల్లో తెచ్చుకునే కారేజ్ కాలువలున్న ఊరు. పక్కనే గావోచాంగ్ శిథిలాలున్నాయి. 7వ శతాబ్దంలో మన దేశానికి బయల్దేరిన హుయాన్‌త్సాంగ్‌ను గావోచాంగ్ రాజు ఇక్కడే ఉండిపొమ్మని పట్టుబడితే, ఆయన రోజుల తరబడి అన్నం ముట్టకుండా కూర్చుని ప్రయాణానికి ఒప్పించుకున్నాడని ఆయన జీవిత చరిత్రలో ఉంది. ఆ మనిషే తర్వాత మన కృష్ణా తీరానికి, ధాన్యకటకానికి వచ్చాడు. మన నేల పేరు ప్రపంచానికి చెప్పిన మనిషి నడిచిన దారి అది.

ఆ దారిలో ఇప్పుడు ఉంటున్నది వీగర్లు, తుర్కీ భాష మాట్లాడే ముస్లింలు. 2017 నుంచి అక్కడ పది లక్షల మందికి పైగా జనాన్ని శిబిరాల్లో పెట్టారని పరిశోధకులు, మానవ హక్కుల సంఘాలు చెబుతూ వచ్చాయి. చైనా ప్రభుత్వం వాటిని వృత్తి శిక్షణ కేంద్రాలంటుంది. ఐక్యరాజ్య సమితి మానవ హక్కుల కార్యాలయం 2022 ఆగస్టు 31న ఇచ్చిన నివేదికలో అక్కడ జరిగినవి మానవాళిపై నేరాల కిందికి రావచ్చని రాసింది. తుర్పాన్ పోలీసు విభాగాన్ని అమెరికా ప్రభుత్వం 2019 అక్టోబర్‌లోనే ఆంక్షల జాబితాలో పెట్టింది. ఆ తర్వాత ఐదు నెలలకు, 2020 మార్చిలో, ఆ విభాగానికి ధన్యవాదాలతో ఈ సినిమా మొదటి ప్రదర్శన హాలీవుడ్‌లో జరిగింది.

డిస్నీ ఏమంది? కంపెనీ ఆర్థిక వ్యవహారాల అధికారి క్రిస్టీన్ మెకార్తీ, సినిమా దాదాపు అంతా న్యూజిలాండ్‌లో తీశామని, చైనాలో 20 చోట్ల దృశ్యాలు పట్టామని, చిత్రీకరణకు అనుమతి ఇచ్చిన ప్రభుత్వాలకు కృతజ్ఞత చెప్పడం సినీ ప్రపంచంలో మామూలేనని చెప్పింది. దీనివల్ల మాకు చాలా ఇబ్బందులొచ్చాయని కూడా అంది. చోట్లు నిర్మాతలే ఎంచుకున్నారు, అధికారులు చెప్పింది కాదని తర్వాత ఒక ఉత్తరంలో రాశారు. మామూలే అన్న ఆ మాట దగ్గరే నేను ఆగిపోయాను. ఇసుక దిబ్బలు న్యూజిలాండ్‌లో దొరకవా, కంప్యూటర్లో గీయలేరా? అక్కడికే వెళ్లారు, పోలీసు అనుమతి తీసుకున్నారు, చుట్టూ ఏం జరుగుతోందో పత్రికల్లో వస్తూనే ఉంది, చివరికి థ్యాంక్స్ చెప్పారు. ఎవరూ బెదిరించలేదు. బెదిరించే అవసరం రాలేదు. అది నాకు బెదిరింపు కన్నా ఎక్కువ భయం వేసే సంగతి.

ఇంత చేసినా చైనాలో దక్కిందేమిటి? సెప్టెంబర్ 11న అక్కడ విడుదలైంది. షిన్‌జియాంగ్ గొడవ రాజుకోగానే ములాన్ గురించి రాయొద్దని పెద్ద పత్రికలకు అధికారుల నుంచి ఆదేశాలు వెళ్లాయని రాయిటర్స్ రాసింది. చూసిన జనానికీ నచ్చలేదు. ఉత్తరాది పిల్లను దక్షిణాన ఫూజియాన్‌లో ఉండే గుండ్రటి మట్టి కోటల్లో పెట్టారని, ఇది మా ములాన్ కాదని తిట్టిపోశారు. వసూళ్లు 4 కోట్ల డాలర్ల దగ్గరే ఆగిపోయాయి. పాట తెలిసిన జనం పాట పోయిందని పట్టేశారు. చైనా ప్రభుత్వం వేరు, చైనా జనం వేరు అని నేను ఎప్పుడూ చెప్పే మాటకు నాకు ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

ఇక చివరిగా ఒకరి గురించి చెప్పి కూర్చుంటాను. అసలు ఈ ప్రసంగానికి ఒప్పుకున్నది ఆవిడ కోసమే.

రాహిలే దావుత్. వీగర్ స్త్రీ, ఉరుంచీలో షిన్‌జియాంగ్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్‌గా పనిచేసేది. మన బిరుదురాజు రామరాజు గారు ఊరూరా తిరిగి పాటలు పోగుచేసినట్టు, ఆవిడ ఎడారి పల్లెలు తిరిగి వీగర్ జానపద కథలు, పాటలు, మజార్లు అని పిలిచే దర్గాల దగ్గర జరిగే జాతరల విశేషాలు సేకరించింది. జానపద పరిశోధన కేంద్రం ఒకటి పెట్టింది. ఆవిడ పనిని ప్రభుత్వమే చాలా ఏళ్లు మెచ్చుకుంది, డబ్బు ఇచ్చింది. 2017 డిసెంబర్‌లో బీజింగ్ వెళ్తున్నానని చెప్పి ఇంట్లోంచి బయల్దేరింది. అంతే, మళ్లీ కనబడలేదు. 2018లో రహస్యంగా విచారణ జరిపారు. రాజ్య భద్రతకు ముప్పు తెచ్చిందన్న నేరం మీద యావజ్జీవ శిక్ష పడిందని 2023 సెప్టెంబర్‌లో గానీ బయటికి తెలియలేదు. కూతురు అకీదా పులాత్ అమెరికాలో ఉండి, అమ్మ ఎక్కడుందో చెప్పమని ఇన్నేళ్లుగా అడుగుతూనే ఉంది.

ములాన్ షూటింగ్ 2018లో జరిగింది. ఒక జానపద పాటను సినిమాగా తీయడానికి కెమెరాలు వచ్చిన ఏడాది, ఆ ప్రాంతంలో జానపద పాటలు రాసుకున్న మనిషి లోపల ఉంది. సినిమా చివర పేర్లు నేను మూడుసార్లు చదివాను. ప్రచార విభాగం పేరుంది, పోలీసు విభాగం పేరుంది.